స్కోఫీల్డ్స్‌కి రావద్దు

బ్రోకెన్ హిల్,
ఫిబ్రవరి 1990.

ప్రియమైన శేషూ,

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని కవరు చింపుతూనే విసుక్కుని ఉంటావు. ఫోన్లో నిన్నేం అడిగినా "ఆఁ, బాగానే ఉందిలే, ఇంకేంటి సంగతులు" అని తేల్చేస్తావు. ఈసారి నాకు ఆ జవాబు చాలదు. కాగితం ముందేసుకుని చెయ్యి నొప్పి పుట్టేదాకా రాయాలి నువ్వు.

సంగతేమిటంటే, మా ఆయనకి సిడ్నీలో ఉద్యోగం వచ్చే సూచనలున్నాయి. గనుల్లో తిరగడం మాని ఆఫీసులో కూర్చునే పని. ఏప్రిల్లో ఇంటర్వ్యూ. వస్తే ఒప్పుకోవాలా వద్దా అన్నది మాత్రం నా నెత్తిన పెట్టారు. "ఇంజినీరుకి ఎక్కడైనా ఒకటే కాత్యాయనీ, పిల్లాడికి ఏ ఊరు మంచిదో నువ్వు చూడు" అన్నారు. ద్వారకానాథ్ గారి పెద్దమనసు ఇలా బరువు దించుకునేటప్పుడే బయటపడుతుంది.

నా బెంగంతా అచ్యుత్ గురించే. వాడికి ఎనిమిదేళ్ళు నిండాయి. కంపెనీ ఎటు పొమ్మంటే అటు సామాను సర్దుకుని తిరిగామా, ఇది వాడికి మూడో స్కూలు. మొన్న అన్నం పెడుతూ "క్లాసులో నీ పక్కన ఎవరు కూర్చుంటార్రా?" అని అడిగితే భుజాలెగరేసి "సమ్ కిడ్" అన్నాడు. ఆ కిడ్‌కి పేరు లేదా అంటే "డన్నో" అన్నాడు. ఎలాగూ వెళ్ళిపోయేవాళ్ళమే కదా అని వాడు మనుషుల్ని పట్టించుకోవడం మానేశాడేమోనని నా భయం. వాడికి మీసాలొచ్చేదాకా ఒకే ఊళ్ళో, ఒకే వీధిలో పెంచాలని ఉంది. అలాంటి ఊరేదని ఆలోచిస్తే సిడ్నీ శివారులో నువ్వున్న స్కోఫీల్డ్సే తోచింది. నువ్వు పక్కన ఉంటే నాకూ ప్రాణం కుదుటపడుతుంది.

కాబట్టి చెప్పు. సాయంత్రమైతే మీ వీధిలో పిల్లలు బయటికొస్తారా? కొత్తవాళ్ళు దిగితే ఎవరైనా వచ్చి పలకరిస్తారా, లేక కర్టెన్ పక్కనుంచి చూసి ఊరుకుంటారా? నువ్వు ఒక రోజు కనబడకపోతే ఎవరైనా గమనిస్తారా? నువ్వు ఫోన్లో సణిగే ఆ కోళ్ళ ఫారాల వాసన నిజంగా అంత భరించలేనిదా, లేక అది నీ ముక్కు గొప్పదనమా? వాల్తేరు హాస్టల్లో పప్పులో ఇంగువ తక్కువైందని గది నుంచే కనిపెట్టిన ముక్కది, అందుకని అడుగుతున్నాను.

అన్నిటికీ జవాబు రాయి. ఒక్కటి వదిలినా మళ్ళీ అడుగుతాను.

నిన్ను ఇలా వేధించుకు తినడానికి హక్కున్న ఒకే ఒక్క
కాత్యాయని


స్కోఫీల్డ్స్,
మార్చి 1990.

ప్రియమైన కాత్యాయనీ,

నీ ప్రశ్నలన్నిటికీ ఒకటే జవాబు. రావద్దు.

ఇది సిడ్నీ కాదు, పల్లెటూరూ కాదు. రైలు స్టేషను, ఎదురుగా ఒక కొట్టు, ఆ తర్వాత విశాలమైన స్థలాలు, ఒక్కో స్థలం మధ్యలో ఒక్కో ఇల్లు. ఇంటికీ ఇంటికీ నడుమ గుర్రాలు మేస్తుంటాయి. గాలి బాగుంటుంది, వాసన సంగతి నిజమే, నా ముక్కుని ఆడిపోసుకోకు. ఇల్లు చౌకగా దొరికిందని ఐదేళ్ళ క్రితం మా ఆయన మురిసిపోయి కొన్నారు. నేనూ మురిశాను, అబద్ధమెందుకు.

మనుషుల సంగతి అడిగావు కదా, విను. మేం దిగిన వారంలోనే పక్కింటావిడ వచ్చింది. మార్జరీ అని, అరవై దాటిన మనిషి. చేతిలో కేకు డబ్బా. నేను మర్యాదకి "అయ్యో, వద్దండీ, మీకెందుకు శ్రమ" అన్నాను. ఎవరైనా అలాగే అంటారు కదా! ఆవిడ ఏం చేసిందో తెలుసా? "సరేనమ్మా" అని డబ్బా పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయింది! రెండోసారి అడగలేదే. గుమ్మందాకా తెచ్చిన కేకుని గుమ్మంలోంచే తీసుకుపోయిన మనుషులు వీళ్ళు. ఇంకోసారి వర్షంలో కారాపి ఎక్కమంది. ఫర్వాలేదు, నడుస్తానన్నాను. అంతే, కారు వెళ్ళిపోయింది. నేను తడిసి ముద్దై ఇల్లు చేరాను. ఆ తర్వాత ఎదురుపడితే చెయ్యి ఊపడమే. ఐదేళ్ళలో నా గడప లోపలికి వచ్చిన మనిషి లేడు. మునిసిపల్ కౌన్సిల్ వాళ్ళు మాత్రం బుద్ధిమంతులు, మా ఇంటి ముందు గడ్డి అడక్కుండానే కోసి పోతారు.

నన్ను గమనించే మనుషుల కోసం ఎదురు చూడడం మానేశాను. కానీ అపూర్వకి పద్నాలుగేళ్ళొచ్చాయి. రైలెక్కి హైస్కూలుకి వెళ్తుంది, సాయంత్రం అక్కడి లైబ్రరీలో చదువుకుని వస్తుంది, గదిలోకి పోయి తలుపేసుకుంటుంది. మనవాళ్ళు కనబడేది నెలకోసారి హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్ళినప్పుడే. ఈ వయసులో పిల్లకి నా అనేవాళ్ళు లేకపోతే ఎలా? అందుకే ఇల్లు అమ్మేసి మనవాళ్ళుండే హారిస్ పార్క్ వైపు ఫ్లాట్ తీసుకుంటున్నాం. అక్కడ మెట్ల మీద ఎదురైనవాళ్ళు కనీసం "ఏం కూర?" అని అడుగుతారు. ఇక్కడ ఇల్లు తగలబడినా, అడిగితే బాగుండదేమో అని ఊరుకుంటారు.

నేను వదిలి పోతున్న ఊరికి నిన్ను రమ్మననా?

నీ మంచి కోరి చెప్పే
శేషుకుమారి


బ్రోకెన్ హిల్,
మార్చి 1990.

నా ముక్కుపుడక రాణీ, శేషూ,

కేకు సంగతి చదివి నవ్వలేక చచ్చాను. మా ఆయనకి చదివి వినిపిస్తే "ఏ కేకో అడుగు" అన్నారు.

కానీ ఒకటి అడగనా? నీ ఉత్తరంలో గుర్రాలున్నాయి, గడ్డి ఉంది, రైలుంది. అపూర్వ తన నోటితో అన్న మాట ఒక్కటీ లేదు. హారిస్ పార్క్ అంటే అదేమంది? ఎగిరి గంతేసిందా? లైబ్రరీలో ఏం చదువుతుంది? రెండేళ్ళ క్రితం గుడి మెట్ల మీద నా పక్కన కూర్చుని కుక్కల జాతులన్నీ ఏకరువు పెట్టిన పిల్ల అది. తలుపేసుకునే రకంలా కనబడలేదు మరి.

ఇంకోటి. కేకు తీసుకుపోయిన రోజు ఆవిడ ముఖం ఎలా ఉంది? కోపంగానా, చిన్నబుచ్చుకున్నట్టా? గుర్తు చేసుకుని రాయి.

అడిగి అడిగి అలిసిపోని
కాత్యాయని


స్కోఫీల్డ్స్,
మార్చి 1990.

కాత్యాయనికి,

ఆవిడ ముఖం నేనెందుకు చూస్తాను, డబ్బా వంకే చూస్తూ ఉండిపోయాను.

ఇంటి ముందు అమ్మకం బోర్డు పాతారు. శనివారాలు ఎవరెవరో వచ్చి వంటింటి అలమారాలు తెరిచి చూసిపోతున్నారు. తిరగమాత వాసన వస్తుందని ఏజెంటు నన్ను శుక్రవారం నుంచే పోపు పెట్టొద్దన్నాడు. నా ఇంట్లో నేను ఆవాలు వేయించకూడదట!

హారిస్ పార్క్ అంటే అపూర్వ "ఓకే" అంది. ఈ దేశంలో పిల్లలు దేనికైనా అదే మాట కదా. బోర్డు పాతిన రోజు నుంచి అన్నం సరిగ్గా తినడం లేదు. చదువు ఒత్తిడి అనుకుంటున్నాను. హారిస్ పార్క్ వెళ్తే కుదురుకుంటుందిలే.

ఇంటర్వ్యూ అయ్యాక ఫోన్ చెయ్యి. ఊరి సంగతి మాత్రం మళ్ళీ అడగొద్దు.

శేషు


బ్రోకెన్ హిల్,
ఏప్రిల్ 1990.

ప్రియాతిప్రియమైన శేషూ,

ముందే చెబుతున్నాను, నన్ను తిట్టడానికి కూర్చుని చదువు. నిలబడి చదివితే ఆవేశం ఎక్కువవుతుంది.

ఇంటర్వ్యూకి మా ఆయనతో నేనూ సిడ్నీ వచ్చాను. అచ్యుత్‌ని ఇక్కడే పక్క వీధివాళ్ళింట్లో వదిలి వచ్చాం. వాళ్ళబ్బాయి వీడి క్లాసేనట, ఆ తల్లి తనే వచ్చి మా ఇంట్లో వదలండి అంది. వీడూ గొడవ చెయ్యకుండా ఉండిపోయాడు. ఆయన ఇంటర్వ్యూ గదిలో ఉండగా నేను రైలెక్కి, బ్లాక్‌టౌన్‌లో మారి, మీ ఊళ్ళో దిగాను. ఆ వేళకి నువ్వు ల్యాబ్‌లో డ్యూటీ మీద ఉంటావని తెలిసే దిగాను. నువ్వుంటే నీ కళ్ళతోనే చూపిస్తావు. నాకు నా కళ్ళతో చూడాలనిపించింది.

స్టేషను ఎదుటి కొట్టులో నిమ్మరసం కొనుక్కుని, ఈ ఊళ్ళో పిల్లల్ని పెంచుకోవచ్చా అని కొట్టతన్ని అడిగాను. "మీ దేశంవాళ్ళు ఒకరున్నారు, వాళ్ళనడగండి" అన్నాడు. "ఆవిడ ఎండలోనూ గొడుగు వేసుకుంటుంది. సాయంత్రం రైలు దిగకపోతే తర్వాతి రైలు దాకా నేను కొట్టు మూయను. చీకటిపడితే ఆ దారిలో దీపాలు సరిగా ఉండవు కదా" అన్నాడు. శేషూ, నువ్వు కనబడకపోతే గమనించే మనిషి ఉన్నాడు. అతని పేరు నీకు తెలుసా?

అక్కణ్ణుంచి మీ వీధికి వెళ్ళాను. బోర్డు చూసి ఇల్లు కొనేదానిలా నిలబడ్డాను. పక్క స్థలంలోంచి మార్జరీ గారు వచ్చారు. మీరు వెళ్ళిపోతున్నందుకు చాలా దిగులుగా ఉందన్నారు. "మంచివాళ్ళు. కానీ ఆవిడకి ఎవరూ దగ్గరికి రావడం ఇష్టముండదు. వచ్చిన వారమే కేకు తీసుకెళ్తే వద్దంది. వర్షంలో కారెక్కమంటే వద్దంది. రెండుసార్లు వద్దన్న మనిషిని మూడోసారి ఇబ్బంది పెట్టకూడదు కదా" అన్నారు. అందుకని ఏం చేశారో తెలుసా? మీ ఆయన శ్రీపతి గారికి ఆపరేషన్ అయిన ఏడాది నుంచి వాళ్ళాయన తన గడ్డితో పాటు మీ గడ్డీ కోస్తున్నాడు. నీకు తెలిస్తే వద్దంటావని నువ్వు డ్యూటీకి వెళ్ళాక కోస్తాడు. మీ కౌన్సిల్ ఆయనేనమ్మా తల్లీ!

మనం వద్దంటే "అబ్బ, ఊరుకోండి, తీసుకోవాల్సిందే" అని చేతిలో కుక్కాలి. వీళ్ళకి వద్దంటే వద్దనే. మనది మొహమాటం, వాళ్ళది మర్యాద. ఆ రెంటి మధ్యా ఐదేళ్ళు గడిచిపోయాయి.

ఇక అసలు సంగతి. ఇది చదివి గుండె పట్టుకోకు. మార్జరీ గారు నన్ను వాళ్ళింటి వెనకవైపు తమ గుర్రాల దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడ స్కూలు యూనిఫారంలో, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లతో, గుర్రానికి ఒళ్ళు తోముతూ మీ అపూర్వ ఉంది. రోజూ వస్తుందట. రెండేళ్ళుగా. లైబ్రరీ అంతా అదేనే! గుర్రానికి జబ్బు చేస్తే పశువుల డాక్టరుకి ఫోన్ చేసింది కూడా అదేనట. "తల్లికి తెలుసనే అనుకున్నాను" అని మార్జరీ గారు కంగారుపడ్డారు.

నన్ను చూసి పిల్ల బెదిరిపోయింది. "ఆంటీ, అమ్మకి చెప్పొద్దు ప్లీజ్. మీరొచ్చారని నేనూ చెప్పను" అని బేరం పెట్టింది. ఎందుకు చెప్పలేదే అంటే, "ఒకళ్ళింటికి వెళ్ళి కూర్చోకు, ఎవరేమిచ్చినా వద్దను అంటుంది అమ్మ. నేను వద్దనలేదు" అంది. హారిస్ పార్క్ వెళ్ళడం నీకిష్టమేనా అని అడిగాను. గుర్రం మెడ మీద చెయ్యి వేసి, నా వంక చూడకుండా, "నోబడీ ఆస్క్‌డ్ మీ, ఆంటీ" అంది.

నేను బేరానికి ఒప్పుకోలేదు. అందుకే రాస్తున్నాను. పిల్లని కోప్పడితే నా మీద ఒట్టే.

మా ఆయనకి ఉద్యోగం ఇచ్చారు. నెలాఖరుకల్లా జవాబు చెప్పాలి. నీ ఊరు నాకు నచ్చింది శేషూ, చాలా నచ్చింది. నువ్వు ఉంటావా?

నీ
కాత్యాయని


స్కోఫీల్డ్స్,
ఏప్రిల్ 1990.

ఓసి దొంగా,

నా ఊరికొచ్చి, నా గుమ్మం ముందు నిలబడి, నా ఇంట్లో మెతుకు ముట్టకుండా పోతావా? ఇరవై ఏళ్ళ స్నేహం పెట్టుకుని నిమ్మరసం కొనుక్కు తాగుతావా? ఇది నేను జన్మలో మరిచిపోను. వచ్చే జన్మలో కూడా గుర్తు చేస్తాను.

నీ ఉత్తరం చదివి అపూర్వ మీద మండిపడ్డాను, మనసులోనే. నువ్వు ఒట్టు పెట్టావుగా. రెండు రోజులు డ్యూటీకి వెళ్తూ వస్తూ మార్జరీ ఇంటి వంక చూశాను. మూడో రోజు సెలవు పెట్టి గారెలు వండాను. పళ్ళెం పట్టుకుని మార్జరీ ఇంటికి బయల్దేరాను. ఆవిడ వద్దంటుంది, ఎలా బతిమాలాలి, ఏమని ఒప్పించాలి అని దారంతా మాటలు కూర్చుకున్నాను. ఆవిడ తలుపు తీసి "ఓ, లవ్లీ!" అని పళ్ళెం అందుకుని అక్కడే ఒకటి కొరికింది. నా మాటలన్నీ దండగైపోయాయి.

వంటింట్లో కూర్చోబెట్టింది. ఆ కిటికీలోంచి గుర్రాలు కనబడతాయి. స్కూలు రైలు వచ్చే వేళకి అపూర్వ వెనక గేటు తోసుకుని వచ్చింది. నేనున్నట్టు దానికి తెలియదు. గుర్రంతో ఏదో చెబుతోంది, చెయ్యి తిప్పుతోంది, పగలబడి నవ్వుతోంది. కాత్యాయనీ, నా కూతురి నవ్వు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదే. ఏడ్చేశాను. మార్జరీ టీ కప్పు నా ముందుకి జరిపింది. నేను వద్దనలేదు.

ఈ ఊరు పిల్లని పెంచడానికి పనికొస్తుందా అని ఐదేళ్ళుగా తర్కించుకుంటున్నాను. నేను అలా కూర్చుని ఉండగానే ఊరు దాన్ని పెంచేసింది.

అప్పటికే ఇంటికి ఒకళ్ళు బేరం ఖాయం చేసుకున్నారు. మర్నాడు సంతకాలు. ఆ సాయంత్రం అన్నం దగ్గర అపూర్వని అడిగాను, వెళ్దామా, ఉందామా అని. నమ్మలేనట్టు వాళ్ళ నాన్న వంక చూసింది. "కెన్ ఐ సే నో?" అంది. అనవే తల్లీ అన్నాను. పొద్దున్నే మా ఆయన ఏజెంటుకి ఫోన్ చేసి ఇల్లు అమ్మడం లేదని చెప్పారు. అతను పెట్టిన చీవాట్లు ఆయన నాకు చెప్పలేదు. నేను ఆవాలు వేసి పోపు పెట్టాను.

కాబట్టి ఉంటాను. నువ్వు రా. మా వెనక వీధిలో ఒక ఇల్లు అద్దెకుంది, కొట్టతను చెప్పాడు. అతని పేరు టోనీ. నువ్వొస్తావన్న ఆశతో నాకు చిన్నపిల్లలా కాలు నిలవడం లేదు.

అయితే ఒక్క మాట. కొట్టతన్ని అడిగావు, మార్జరీని అడిగావు, నా కూతుర్ని అడిగావు, నన్ను వేపుకు తిన్నావు. వెయ్యి ప్రశ్నలు వేసిన దానివి, అచ్యుత్‌ని అడిగావా?

ఎదురు చూస్తూ,
శేషు


బ్రోకెన్ హిల్,
మే 1990.

ప్రియమైన నా శేషూ,

అడగలేదు. నీ ఉత్తరం చదివేదాకా ఆ ఆలోచనే రాలేదు. నీ ఇంట్లో ఏం జరుగుతోందో ఒక్క పూటలో కనిపెట్టానని గొప్పలు పోయినదాన్ని, నా ఇంట్లో నాకేమీ తెలియదని ఒప్పుకోవడానికి ఇన్నాళ్ళు పట్టింది. అందుకే జవాబు ఆలస్యమైంది.

వాడు స్కూలు నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటుంటే అడిగాను, సిడ్నీ వెళ్దామా అని. వాడి ముఖం తెల్లబోయింది. "హూ టోల్డ్ యూ?" అన్నాడు. ఏమిట్రా చెప్పడం అంటే ఏడుపు మొదలుపెట్టాడు. గంటసేపు ఒళ్ళో పెట్టుకుంటే మెల్లగా బయటపడింది. క్లాసులో పక్కన కూర్చునేవాడి పేరు మార్క్. ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు వీడు ఉన్నది వాళ్ళింట్లోనే. మార్క్ వాళ్ళ తాతగారి షెడ్డులో ఇద్దరూ కలిసి చక్రాల బండి కడుతున్నారు. వీడికి తెలియని వీధి లేదు, వీడిని తెలియని కుక్క లేదు.

మరి ఆ పేరు అడిగితే తెలియదన్నావేంరా అన్నాను. మొదటి ఊళ్ళో ఫ్రెండు పేరు నాకు చెప్పాడట. ఆ నెలలోనే అక్కణ్ణుంచి వచ్చేశాం. రెండో ఊళ్ళోనూ చెప్పాడట, అక్కణ్ణుంచీ వచ్చేశాం. "నేను పేరు చెబితే మనం వెళ్ళిపోతాం, అందుకే చెప్పలేదు అమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటా పూర్తిగా తెలుగులో అన్నాడే, నాకు బాగా అర్థం కావాలని.

మా ఆయన సిడ్నీవాళ్ళకి రానని రాసేశారు. ఇక్కడి మేనేజరు దగ్గరికి వెళ్ళి, ఇక నుంచి బదిలీ అంటే ఉద్యోగమైనా వదులుతాను గాని ఊరు వదలనని చెప్పి వచ్చారు. ఇంత ధైర్యం ఆయనకుందని పెళ్ళయిన ఇన్నేళ్ళకి తెలిసింది.

నీ పక్కన ఉండాలని ఎంత ఆశపడ్డానో నీకు తెలుసు. నీ వెనక వీధి ఇంటికి పరదాలు ఏ రంగువి వెయ్యాలో కూడా అనుకున్నాను. ఏడుపొస్తోంది శేషూ, దాచడమెందుకు.

ఎక్కడికీ వెళ్ళమని అచ్యుత్‌కి చెప్పాం. తల ఊపాడు గాని నమ్మలేదు. సెలవుల్లో మీ ఊరు వచ్చిపోదామని నిన్న అటక మీంచి పెట్టె దించాను. వాడు గుమ్మంలో నిలబడి దాని వంకే చూస్తున్నాడు. నేను పెట్టెని మళ్ళీ పైన పెట్టేశాను.

అందుకని మేము రావడం లేదు. సెలవులకి మీరే రండి.

నీ
కాత్యాయని